గణితమునకు ప్రశ్నయే ప్రాణము

“ఈ లెక్కలు నేర్చిన మా పిల్లలకేమి ప్రయోజనము?” అని తల్లిదండ్రులు మమ్ము తరచుగ అడుగుచుందురు. మేము తెలుగు బోధించువారము. గణిత శాస్త్రజ్ఞులము కాము. ఐనను దీనికి సమాధానము చెప్పు పూచీ మాకును కలదని తలంచుచున్నాము. ఏలయన, గణితము ప్రశ్నల వలననే వృద్ధి పొందును. పిల్లల ప్రశ్న మొదట ఇంటి భాషలోనే పుట్టును.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. కుండలో వేడి అంతటను ఇంచుమించు సమానము గనుక ఆ మాట నిజమే. కాని జిల్లాలో పైరెంత పండినదో తెలియవలెనన్న ఒక్క చేను చూచిన చాలదు. అన్ని చేలను కొలుచుటయు సాధ్యము కాదు. కొన్నింటిని ఎన్నుకొని కొలిచి, మొత్తమును అంచనా కట్టవలెను. 1931లో మహలనోబిస్ పండితుడు కలకత్తాలో స్థాపించిన భారత గణాంక సంస్థ, బెంగాలులోని జనపనార పంటను ఈ రీతినే అంచనా కట్టెను. అట్టి అంచనా ఎంతవరకు నమ్మదగినది? ఇచ్చటనే ఆధునిక గణితము మనకు తోడ్పడును.

ఆ సంస్థలో పనిచేసిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగలిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆ యూరు నేడు కర్ణాటకములోనిది. కలకత్తాలో వారొకనాడు, పరిశీలనల సంఖ్య మిక్కిలి పెద్దదైనపుడు వర్తించు ఒక ఫలితమును తరగతిలో వివరించుచుండిరి. సంఖ్య చిన్నదైనపుడు దీనినేల నిరూపింపరాదని దండేకర్ అను విద్యార్థి అడిగెను. గురువు కసరలేదు, మరునాటికి నిరూపణతో వచ్చెను. ఏ వైపునకును మొగ్గని అంచనాను ఎంత నేర్పుగ కట్టినను, దాని విస్తృతి ఒక హద్దునకు దిగువకు పోజాలదని ఆ ఫలితము చెప్పును. 1945లో ప్రకటితమైన దానికి క్రామెర్–రావు హద్దని పేరు. రాడారుతో విమానపు దూరమును కట్టు ఇంజనీర్లు, తమ పద్ధతిని ఇంకను మెరుగుపరచ వీలున్నదా యని ఈ హద్దుతో సరిచూచుకొందురు. 78 ఏండ్ల పిదప, 2023లో, ఆ కృషికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించెను. ఆ యేడే, 102 ఏండ్ల ప్రాయమున, రావుగారు కీర్తిశేషులైరి.

ఆ విద్యార్థి నోరు మెదపకున్నచో ఏమై యుండెడిదో యోచింపుడు.

పై చదువులకు ఇంగ్లీషు అవసరమని తల్లిదండ్రులందురు. కాదనము. సాంకేతిక పదములను ఇంగ్లీషులోను, నిత్యవ్యవహారమునకై ఇచ్చటి రాష్ట్ర భాషను మన పిల్లలు నేర్వవలసినదే. కాని సందేహమును పైకి చెప్పుటకు మాటలు దొరకని పిల్లవాడు మౌనమునకు అలవాటు పడును. మౌనము వల్లెవేయుటకు దారితీయును. వల్లెవేసిన సూత్రము పరీక్ష దాటించునేమో గాని, పంట అంచనా కట్టింపదు.

కావున తల్లిదండ్రులారా! వారమునకొక మారైనను మీ బిడ్డచే ఒక లెక్కను, అది ఏ భాషలో నేర్చినదైనను, తెలుగున చెప్పించుకొనుడు. మీకు లెక్కలు రాకున్నను ఫరవాలేదు. మీకు బోధపడునట్లు చెప్పగలిగినచో, ఆ లెక్క బిడ్డకు వచ్చినట్లే. విద్యార్థులారా! తెలియనిచోట తరగతిలో లేచి అడుగుడు. ఉపాధ్యాయులమైన మేము కసరకుండుట నేర్చుకొందుము.