దత్తత కాగితమూ, తల్లి ఒడీ

దత్తత అనగానే మన పెద్దలకు ముందుగా గుర్తొచ్చేది ఆస్తి. తర్వాత గుర్తొచ్చేది తలకొరివి. వంశం నిలవాలి, పొలం పరాయివాళ్ళ పాలు కాకూడదు, పోయాక నిప్పు పెట్టేవాడు ఒకడుండాలి. ఇందుకోసం పాలివాళ్ళ పిల్లవాణ్ణి తెచ్చి పెంచుకునేవారు. ఆడపిల్లను దత్తు తీసుకోవడానికి హిందువులకు చట్టం దారి ఇచ్చింది 1956లో! ఇంత వ్యవహారంలోనూ బిడ్డకేం కావాలని అడిగినవాళ్ళు అరుదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో విదేశీ దత్తతలకు నియమాలు పెడుతూ, బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముందని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక న్యాయవాది రాసిన ఉత్తరంతో మొదలైన కేసు అది. చట్టం మారింది సరే, మన మనసు మారిందా? మారలేదనే నా అభిప్రాయం. దత్తత అంటే ఇప్పటికీ మనకు కాగితం పనే. కాగితం చేతికొచ్చిన రోజున అసలు పని మొదలవుతుందని, దేశం దాటిన బిడ్డ విషయంలో ఆ పని ఇంకా కష్టమని చెప్పడమే నా ఉద్దేశం.

కాలేజీ సంచికలో ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ప్రతి ఏడూ మన తరగతి గదుల్లోంచి అమెరికాకో, ఆస్ట్రేలియాకో పోయేవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరు రేపు బిడ్డను సాదుకుంటారు. ఇక్కడ మిగిలిన మనం ఆ బిడ్డకు బాబాయిలం, పిన్నులం, మేనమామలం అవుతాం. 2024-25లో మన దేశంలో చట్టప్రకారం 4,515 దత్తతలు జరిగితే 4,155 దేశం లోపలే జరిగాయి. మిగిలిన 360 మంది పిల్లలు సముద్రం దాటారు. లెక్క చిన్నదే కావచ్చు. కానీ ప్రతి ఒక్కటీ నిండు ప్రాణం కదా!

శిశుగృహలో పెరిగిన రెండేళ్ళ పాపను ఊహించుకోండి. దానికి తెలిసిన లోకమల్లా ఒక హాలు, పక్క పక్క మంచాల్లో పదిమంది పిల్లలు, తిరుగుతున్న ఫ్యాను చప్పుడు, మెత్తగా పిసికి పప్పన్నం పెట్టే ఆయా. ఒకరోజు ఇద్దరు కొత్త మనుషులు వచ్చి ఎత్తుకున్నారు. విమానం ఎక్కించారు. దిగాక చూస్తే చలి, ఎప్పుడూ ఎరగని నిశ్శబ్దం, బొమ్మలతో నిండిన ఒక గది. ఆ గదిలో రాత్రి ఒక్కతే పడుకోవాలి. పగలు కారులో బెల్టు బిగించి కూర్చోబెడితే భయం. మన దృష్టిలో అది అదృష్టం. పాప దృష్టిలో తనవాళ్ళంతా ఒక్క రాత్రిలో మాయమైపోయారు. అది ఏడిస్తే మొండితనమా? తింటూ తింటూ బిస్కెట్టు ముక్కను దిండు కింద దాచుకుంటే దొంగతనమా?

ఈ సంగతి మా బాన్సువాడ వైపు జనానికి పుస్తకాలు చదవకుండానే అర్థం కావాలి. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్ పోయిన మనిషి లేని ఊరు వెతికినా దొరకదు. బిడ్డ కడుపులో ఉండగా దుబాయి పోయినాయన మూడేళ్ళకు తిరిగొస్తే, ఆ బిడ్డ తల్లి కొంగు చాటుకు పోయి "గాయన ఎవలే అమ్మా?" అని అడుగుతుంది. తెలివైన తండ్రి అప్పుడు బిడ్డను గుంజుకోడు. చాక్లెట్ పొట్లం పక్కన పెట్టి, గద్దె మీద ఊరికే కూచుంటాడు. నాలుగు రోజులకు బిడ్డే దగ్గరికొచ్చి చొక్కా గుండీ పట్టుకుంటుంది. కన్నతండ్రి, సొంత ఇల్లు, పక్కనే తల్లి ఉండి కూడా ఇంత కాలం పడితే, ఏ ఆసరా లేని బిడ్డకు ఎన్నాళ్ళు పట్టాలి?

కాబట్టి మొదటి నెలల్లో ఇల్లు చిన్నదిగా ఉండాలి. తినిపించేది, స్నానం చేయించేది, నిద్రపుచ్చేది ఆ తల్లిదండ్రులే అయ్యుండాలి. మనవాళ్ళు చేసేది దీనికి తలకిందులు. దిగిన వారానికే హాలు మాట్లాడి, రెండువందల మందిని పిలిచి, బిడ్డను చేతులు మార్చి ఫోటోలు దిగుతారు. "చూశారా, ఎవరి దగ్గరికైనా పోతుంది, ఎంత కలుపుగోలు!" అని మురిసిపోతారు. ఎవరి చంకైనా ఎక్కే బిడ్డకు తనవాళ్ళెవరో ఇంకా తెలియలేదని అర్థం కావచ్చు. కొత్త చోట అమ్మ కోసం వెతికి ఏడ్చిన రోజే అమ్మ దొరికినట్టు!

ఇక భాష సంగతి. 2014లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు, పసితనంలో చైనా నుంచి ఫ్రెంచి మాట్లాడే ఇళ్ళకు దత్తత వచ్చిన ఆడపిల్లలను పరీక్షించారు. వాళ్ళకు చైనా భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆ భాష స్వరాలు వినిపిస్తే, ఆ భాష తెలిసినవాళ్ళ మెదడు స్పందించినట్టే వాళ్ళ మెదడూ స్పందించింది. పోయిందనుకున్నది లోపల ఎక్కడో ఉంది! అలాంటప్పుడు తెలుగు బిడ్డను తెచ్చుకున్న తెలుగు దంపతులు మొదటి రోజు నుంచే ఇంగ్లీషు మొదలుపెట్టడం ఏం న్యాయం? ఒరియా బిడ్డో, మరాఠీ బిడ్డో వస్తే ఆకలి, నీళ్ళు, నిద్ర, భయం, అమ్మ అనే మాటలు పాతికైనా పెద్దవాళ్ళే నేర్చుకోవాలి. డిగ్రీలు చదివినవాళ్ళకు ఇదేమంత కష్టం?

"ఇంత చేస్తున్నాం, బిడ్డకు కృతజ్ఞత ఉండొద్దా?" అని కొందరంటారు. ఈ మాట వింటే నాకు భయం వేస్తుంది. 2016లో బిహార్ నుంచి దత్తత వెళ్ళిన ఒక చిన్నారి, 2017 అక్టోబరులో అమెరికాలోని టెక్సాస్‌లో మూడేళ్ళ వయసులో చనిపోయింది. పెంచుకున్నవాళ్ళు మన దేశం నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళే. పాలు తాగనన్నందుకు రాత్రివేళ బయట నిలబెట్టానని ఆ తండ్రి మొదట పోలీసులకు చెప్పాడు. తర్వాత మాట మార్చాడు. 2019లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అందరూ అలాంటివాళ్ళు కారు, నిజమే. కానీ తినని బిడ్డను, నిద్రపోని బిడ్డను లొంగదీయాలనుకునే ఇంట్లో ప్రమాదం ఉంది. మొదటి ఏడు మూడు నెలలకొకసారి, రెండో ఏడు ఆరు నెలలకొకసారి బిడ్డ బాగోగుల మీద నివేదిక పంపాలని మన నియమాలున్నాయి. అవసరమే. అయితే మూడు నెలలకొకసారి వచ్చే మనిషి రోజువారీ కష్టంలో చేయి వేయలేడు. ఆ తల్లిదండ్రులు కూడా "మావల్ల కావడం లేదు" అని సిగ్గుపడకుండా చెప్పుకునే తోబుట్టువులు, స్నేహితులు ఉండాలి.

నిరాశ అక్కరలేదు. రుమేనియాలో 2000 తర్వాత జరిగిన పరిశోధనలో, కుటుంబాలకు చేరిన ఆశ్రమ పిల్లలు ఆశ్రమంలోనే మిగిలినవాళ్ళకంటే మెరుగ్గా ఎదిగారు. రెండేళ్ళలోపు చేరినవాళ్ళకు మేలు ఎక్కువ జరిగింది. కుటుంబం అనేది మందులా పనిచేస్తుందన్నమాట.

ఇంకొక్క మాట. ప్రేమకు అబద్ధం పునాది కాకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనూ, 2001లోనూ దత్తత పేరుతో పసిపిల్లల అమ్మకాలు బయటపడ్డాయి. దక్షిణ తెలంగాణ తండాల్లో పేద లంబాడా తల్లుల ఆడపిల్లలు అలా చేతులు మారారు. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా దీనిమీద అధ్యయనం చేసి రాశారు. పేదరికం పేరు చెప్పి బిడ్డను అప్పగించే పద్ధతిని 2001లో ప్రభుత్వం ఆపేసింది. నేటి చట్టంలో బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. ఇంత చరిత్ర ఉన్నప్పుడు, ఎక్కడి నుంచి వచ్చానని తెలుసుకునే హక్కు బిడ్డకు ఉండదా? "నువ్వు నా కడుపున పుట్టలేదు, నా ఇంటికొచ్చిన బిడ్డవు" అని చిన్ననాడే, కథ చెప్పినట్టు చెప్పాలి. పదిహేనేళ్ళకు ఏ పెళ్ళిపందిట్లోనో చుట్టాల నోట తెలిస్తే ఆ గాయం మానదు.

ఇక మనం చేయవలసింది చిన్న పని. వీడియో ఫోనులో బిడ్డ ముఖం చూసి "ఎవల బిడ్డనే? ఏం కులమట? రంగు మీ తీరు లేదు" అనే నోళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నాయి. ఆ నోళ్ళను మనమే ఆపాలి. "మన బిడ్డ" అని ఒక్క మాట గట్టిగా అంటే చాలు. వేల మైళ్ళ దూరంలో, తెల్లవారుజాము దాకా ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతున్న ఆ తల్లిదండ్రులకు ఆ మాటే కొండంత బలం. ఆ పాటి ధైర్యం చదువుకున్న మనకు లేకపోతే ఈ పట్టాలెందుకు?