ఓటు లేనివాడి ఫార్వర్డు

ఈ దేశంలో వీసా మీద ఉన్నవాళ్లకే కాదు, గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు కూడా పౌరసత్వం తీసుకునేదాకా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు రాదు. ఇండియాలో చూస్తే, 2010 చట్ట సవరణ పుణ్యమా అని భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు ఓటరుగా పేరు రాయించుకోవచ్చు. కాని ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని ఊళ్లో బూత్‌కి స్వయంగా వెళ్లాలి. నాలాంటి గుమాస్తాకు రెండు వారాల సెలవు దొరకడమే గగనం, ఇక టికెట్టు ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు.

అయినా ఎన్నికలొస్తే అర్ధరాత్రి దాటినా మన ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఓటు లేనివాడితో పార్టీలకు ఏం పని? మన ఓటుతో కాదు, మన మాటతో పని. "అమెరికాలో ఉన్న మావాడు పంపాడు" అంటే ఇంటి దగ్గర దానికున్న విలువ వేరు.

ఇది నా ఊహ కాదు. 2010 నవంబరు 2న, అమెరికా కాంగ్రెస్ ఎన్నికల రోజున, ఫేస్‌బుక్ సుమారు 6 కోట్ల మంది మీద ఒక ప్రయోగం చేసింది. వాళ్లనెవరూ ముందుగా అడగలేదు. ఎక్కువమందికి "ఓటు వేయండి" అనే సందేశం కింద అప్పటికే ఓటేసిన స్నేహితుల ఫొటోలు చూపించారు. కొందరికి ఫొటోలు లేకుండా సందేశం ఒక్కటే చూపించారు. ఆ ఉత్త సందేశం దాదాపు ఏ ప్రభావమూ చూపలేదు. స్నేహితుల ముఖాలు మాత్రం పనిచేశాయి. దాని వల్ల 3 లక్షల 40 వేల ఓట్లు అదనంగా పడ్డాయని 2012లో పరిశోధకులు లెక్క తేల్చారు. అంటే యంత్రం ఒక్కటీ మనల్ని కదపలేదు. తెలిసిన ముఖం కావాలి.

మన దగ్గరా అంతే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతా వాట్సాప్ పుకార్లు పాకాయి. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. గద్వాల వైపు జనం ఎండాకాలంలో కూడా ఆరుబయట పడుకోవడం మానేసి తలుపులు బిగించుకున్నారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఏం చేశారు? కానిస్టేబుళ్లను ఊరూరా తిప్పారు, డప్పులతో, పాటలతో చెప్పించారు. పుకారు తెలిసినవాళ్ల నుంచి వచ్చింది కాబట్టి, మందు కూడా తెలిసిన ముఖాల చేతే ఇప్పించారు. 400కు పైగా ఊళ్లున్న ఆ ప్రాంతంలో ఒక్క ప్రాణం పోలేదు. వాట్సాప్ కంపెనీ ఫార్వర్డులకు ఐదు అని హద్దు పెట్టింది ఆ తరువాత, జులైలో.

మా ఆఫీసులో మిత్రులు కొందరు "అంతా అల్గారిథమ్ చేతిలో ఉంది, మనదేముంది" అంటారు. మా తాత ఇదే మాట తలరాత గురించి అనేవాడు. నేనొప్పుకోను. ఏ వార్త ముందు కనపడాలో కంప్యూటరు నిర్ణయిస్తుందేమో గాని, అన్న పేరుతో, బావ పేరుతో దాన్ని ఊరికి పంపేది మన బొటనవేలే. పైగా ఆ ఓటు ఫలితం అనుభవించేది మనం కాదు, వాళ్లు.

2024 మేలో మా అక్క ఫోను చేసి "ఎవరికెయ్యమంటావురా?" అని అడిగింది. రేషను సరిగ్గా వస్తోందా, కాలవకు నీళ్లు వదిలారా, బడిలో అయ్యవార్లు ఉన్నారా అని నేనే తిరిగి అడిగాను. ముప్పావుగంట చెప్పింది. ఎవరికి వేసిందో నేనడగలేదు.