లింకు చూసి మామ భయపడ్డాడు

పోయిన నెల నంద్యాల హాస్టల్ నుంచి ఆళ్లగడ్డలో ఉన్న మా మామకు ఒక లింకు పంపించా. మామ రాతి విగ్రహాలు చెక్కుతాడు. తెలుగు వికీపీడియాలో వాళ్ల ఊరి పేజీ చూపిద్దామని నా ఆశ. ఐదు నిమిషాలకే ఫోను. "ఏమ్రా ఇది, అన్నీ పర్సెంట్ గుర్తులే ఉండాయి! నొక్కితే దుడ్లు పోతాయేమోనని నొక్కలేదు" అన్నాడు.

మామది తప్పు కాదు. అట్లాంటివి నొక్కొద్దని చెప్పింది నేనే.

అసలు సంగతేంటంటే, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. లింకును కాపీ చేస్తే ఒక్కో బైటు ఒక పర్సెంట్ గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా మారుతుంది. "ఆళ్లగడ్డ"ను పొల్లులతో సహా విప్పి లెక్కపెడితే 8 గుర్తులు. అంటే 72 అక్షరాల చెత్త! "నంద్యాల"కు 63. ఇంగ్లీషులో అయితే ఆళ్లగడ్డ 9 అక్షరాలతో అయిపోయేది.

ఇక షేర్ బటన్లు. ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో వరస. ఫేస్‌బుక్‌కు ఒకటి, ట్విట్టర్‌కు ఒకటి, మా ఇంట్లో ఎవరూ వాడనివి ఇంకో నాలుగు. మామ వాడే వాట్సాప్ మాత్రం అడుగున ఎక్కడో ఉంటుంది, లేదా ఉండదు. కొన్ని బటన్లు ఆ కంపెనీ స్క్రిప్టును కూడా వెంట తెస్తాయి. మనం నొక్కకపోయినా ఏ పేజీ చూశామో అక్కడికి తెలిసిపోతుంది.

దీనికి ప్రమాణం ఎప్పుడో వచ్చింది. పేరు వెబ్ షేర్ ఏపీఐ. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 2017 నుంచి, ఐఫోన్ సఫారీలో 2019 నుంచి ఉంది. డబ్ల్యూత్రీసీ 2023లో ఆమోదించింది. ఒక్క బటన్ పెడితే చాలు, ఎవరి ఫోన్లో ఉన్న యాప్‌లు వాళ్లకు తెరుచుకుంటాయి. లింకు అప్పుడూ పొడుగ్గానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ దాంతోపాటు పేజీ పేరును తెలుగులోనే పంపొచ్చు. 2010లో ఫేస్‌బుక్ తెచ్చిన ఓపెన్ గ్రాఫ్ ట్యాగులను వాట్సాప్ కూడా చదువుతుంది కాబట్టి, అవి సరిగ్గా రాస్తే బొమ్మ కూడా వస్తుంది. కంప్యూటర్లలో అన్ని బ్రౌజర్లూ దీన్ని ఒప్పుకోవు. అక్కడికి "లింక్ కాపీ" బటన్ ఒకటి పెట్టుకోవాలి.

"ఇంత గోల ఎందుకు, లింకులు ఇంగ్లీషులో పెడితే పోలా?" అన్నాడు నా రూమ్మేట్. నేనూ ఇంగ్లీష్ మీడియమే, ఈ వ్యాసంలో వత్తులు దిద్దింది మా ఎడిటర్ అక్కే. అయినా, ఊరి పేరు ఊరి లిపిలో రాస్తే వైరస్‌లా కనిపించడం నాకు నచ్చలేదు.

అక్కా, మన ఈ-పత్రికకు షేర్ బటనే లేదు. కోడ్ నేను రాస్తా, అరగంట పని. ఫస్ట్ టెస్ట్ మామ ఫోన్ మీదే చేద్దాం.