కడలి ఒడ్డున పరుగు

నడక నేర్చిన బిడ్డ ఆ వెంటనే నేర్చునది పరుగు. దానికి గురువు అక్కరలేదు. విలువైన పరికరములును అక్కరలేదు. ఆరోగ్యముగల కాళ్ళును, అడ్డములేని నేలయు ఉన్న చాలును. అయితే అట్టి నేల నానాటికి కరవగుచున్నది. పట్టణములలో ఖాళీస్థలములు ఇండ్లతో నిండుచున్నవి. వీధులు వాహనములతో క్రిక్కిరిసి యున్నవి. కావుననే పరుగునందు ఆసక్తిగలవారు నదుల గట్లను, చెరువు కట్టలను, సముద్రతీరములను వెదకికొనుచు పోవుచున్నారు. ఇది మెచ్చదగిన పనియే. కాని తాము అడుగు మోపిన చోటు ఎవరి బ్రతుకునకు ఆధారమై యున్నదో యోచించువారు అరుదు.

హైదరాబాదునకు తూర్పున, ఉప్పల్ దాటినంతనే పీర్జాదిగూడ కలదు. దాని సమీపముననే మూసీనది ప్రవహించుచున్నది. బాటసారికి ఆ ఒడ్డు ఉత్త పచ్చికబయలువలె తోచవచ్చును. కాని ఆ పరిసరములలో మూసీ నీటితో పశుగ్రాసము పెంచి, కోసి, మోపులు కట్టి, పాడిపశువులు గలవారికి అమ్ముకొని పెక్కు కుటుంబములు బ్రతికినవి. చూచువానికి వేడుక గొల్పు ఒడ్డు పనివానికి పొలము. ఈ సత్యము సముద్రతీరమునకు మరింతగా వర్తించును. పీర్జాదిగూడవంటి మెట్టప్రాంతములనుండి సెలవులలో కడలిని చూడబోవు బాలబాలికలు దీనిని ముందుగా గ్రహించుట మంచిది.

తెలుగునాట తీరపు బాటలలో పేరుగన్నది విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు బాట. దీని నిడివి 25 కిలోమీటర్ల పరిమాణము. భీమునిపట్టణమువైపు పోవువానికి కుడిప్రక్కన బంగాళాఖాతమును, ఎడమప్రక్కన కొండలును తోడుగా వచ్చును. కైలాసగిరి దాటిన పిమ్మట ఋషికొండ, ఆపైన తొట్లకొండ కనిపించును. తొట్లకొండమీద రెండువేల యేండ్లకు పూర్వమే బౌద్ధభిక్షువులు విహారము కట్టుకొనిరి. రాతిలో తొలిచిన నీటితొట్ల వలననే దానికి ఆ పేరు కలిగినది. దాని చెంతనే మంగమారిపేట అను జాలరిపల్లె యున్నది. మరికొంత దూరము పోయినచో ఎఱ్ఱమట్టి దిబ్బలు వచ్చును. వేలయేండ్లుగా పోగుపడిన ఇసుక రేణువులకు ఇనుపతుప్పు పట్టి ఆ దిబ్బలు ఎఱ్ఱబారినవి. చివరకు గోస్తనీనది సాగరమున కలియుచోట, ఒకప్పుడు డచ్చివారు వర్తకము చేసిన భీమునిపట్టణము కలదు. విశాఖపట్టణమున నౌకాదళమువారి ఆధ్వర్యమున జరుగు మారథాను పరుగు తీరపు బాటమీదనే సాగును. ఇంత అందమును, ఇంత చరిత్రయు ఒక్క పరుగులో చూపగల బాటలు ఎన్నియో లేవు.

బాట విడిచి ఇసుకలోనికి దిగినచో పరుగు తీరే మారును. మెత్తని ఇసుక అడుగు క్రింద జారిపోవును. పాదము మోపిన బలములో కొంత ఇసుకను కదల్చుటకే వ్యయమగును. గట్టినేలపై పరుగునకు పట్టు శక్తికంటె ఇసుకపై పరుగునకు సుమారు 1.6 రెట్లు శక్తి కావలెనని 1998లో వెలువడిన ఒక శాస్త్రపరిశోధన తేల్చినది. కష్టము హెచ్చుగనుకనే సాధనకు ఇసుక తగినది. ఆస్ట్రేలియాలో పోర్ట్‌సీ అను తీరపు ఊరియందు పెర్సీ సెరుటీ అను శిక్షకుడు హెర్బ్ ఎలియట్ అను యువకునిచేత ఇసుకదిబ్బలమీద పరుగెత్తించెను. ఆ యువకుడే 1960లో రోము ఒలింపిక్సునందు 1500 మీటర్ల దూరమును 3 నిమిషముల 35.6 సెకనులలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను.

అయితే మొదట పరుగు నేర్చువారికి మెత్తని ఇసుక కన్న తడిసి గట్టిపడిన ఇసుకయే అనువైనది. సముద్రము దినమునకు రెండుమారులు పొంగును, రెండుమారులు తగ్గును. నీరు తగ్గినవేళ ఆ గట్టి ఇసుక బయటపడును. ప్రొద్దుటిపూట ఎండ ముదరకమునుపు అట్టి వేళ దొరకిన పరుగెత్తువానికి పండుగయే.

కాని ఆ గట్టి ఇసుకయే, ఆ ప్రొద్దుటివేళయే జాలరికిని కావలెను. తెల్లవారకమునుపే వేటకు పోయిన తెప్పలును, పడవలును ఒడ్డు చేరునది అక్కడనే. అలివి వలను రెండు కొసలయందు పట్టి గుంపుగా జనులు లాగునదియు అక్కడనే. ఆ లాగుడు త్రాళ్ళు ఇసుకకు కొంచెము ఎత్తున బిగిసి యుండును. మైమరచి పరుగెత్తువాడు వానికి తగులుకొని తాను పడుటయే గాక, లాగువారి పట్టును సడలించును. పైనున్న పొడి ఇసుకమీద స్త్రీలు నెత్తళ్ళను, కవళ్ళను ఎండబెట్టుదురు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలతో వేట నిషిద్ధము. ఆ దినములలో వలలను ఒడ్డున పరచి బాగుచేసికొందురు. వేసవి సెలవులకు పట్టణవాసులు తీరమునకు తరలివచ్చునదియు ఆ దినములలోనే. ఇసుకపై పరచిన వల వచ్చినవారికి అడ్డముగా కనిపించును. పల్లెవానికి అది రాబోవు పది నెలల కూడు.

తీరమును వెడల్పైన బాటలతో, గోడలతో, దీపములతో తీర్చిదిద్దినచో పరుగెత్తువారు పెరుగుదురు, పల్లెలకు రాబడి కలుగును అని కొందరు వాదింతురు. ఈ వాదమున కొంత నిజము లేకపోలేదు. వచ్చువారు పెరిగిన టీ దుకాణమునకును, కొబ్బరిబొండముల వానికిని గిరాకి హెచ్చును. పోలీసు, సైన్యపు ఉద్యోగముల పరీక్షలకు సాధన చేయు పల్లెయువకులకును మంచి బాట మేలు చేయును. కాని కడలి ఒడ్డు కదలని నేల కాదు. అలలు ఒకచోటి ఇసుకను తీసి మరియొకచోట వేయుచుండును. ఒక ఊరికడ గోడ కట్టి అలల నడ్డగించినచో ప్రక్క ఊరి ఒడ్డు కోతకు గురియగుట కలదు. కాకినాడనుండి ఉప్పాడకు పోవు తీరపు బాట తుపానుల వేళ పలుమారులు దెబ్బతిన్నది. ఉప్పాడలో ఎన్నో ఇండ్లు కడలిపాలైనవి. 2014 అక్టోబరు 12వ తేదీన వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును అతలాకుతలము చేసినది. ఇక దీపముల సంగతి. చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరమునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లలు వెలుగున్న దిక్కునకు పోవును. ఒడ్డున దీపములు మండుచున్నచో అవి సముద్రము విడిచి బాటమీదికి ప్రాకి నశించును. తీరమున ఇష్టము వచ్చినట్లు కట్టడములు లేవనెత్తరాదనియే 1991లో కేంద్రప్రభుత్వము నిబంధనలను వెలువరించినది. వానిని అమలుపరచుటయే మొదటి కర్తవ్యము. అలంకారములు ఆ తరువాతివి.

కాబట్టి తీరమున పరుగెత్తువాడు తన్ను తాను అతిథిగా భావింపవలెను. లోగిలిలో అడుగిడిన అతిథి ఇంటివారి పనికి అడ్డము రాడు. వల లాగుచున్నచోట ఆగి, చుట్టు తిరిగి పోవలెను. ఎండుచున్న చేపలను, పరచిన వలలను త్రొక్కరాదు. ఎఱ్ఱమట్టి దిబ్బలమీద పరుగెత్తరాదు. ఆ మట్టి ఒకమారు కరగిన మరల పేరుకొనునది కాదు. త్రాగిన నీళ్ళ సీసాను ఇసుకలో పారవేయక తనతోనే తీసికొనిపోవలెను. పరుగు ముగిసిన పిమ్మట అలసిన దేహముతో ఎరుగని చోట సముద్రస్నానమునకు దిగరాదు. విశాఖతీరమున మనుష్యుని లోపలికి ఈడ్చుకొనిపోవు నీటిపాయలు ఉన్నవి. ఎక్కడ దిగవచ్చునో, ఎక్కడ దిగరాదో పల్లెవారిని అడిగి తెలిసికొనవలెను. ఆ విషయమున వారిని మించిన గురువులు లేరు.

పాలకులును ఒక నియమము పాటింపవలెను. పరుగుబాట ఎచ్చట వేయవలెనో నిర్ణయించుటకు ముందు తెప్పలు ఎచ్చట ఆగునో, వలలు ఎచ్చట ఆరునో జాలరులను అడుగవలెను. వారికి విడిచిన చోటు పోగా మిగిలినదే పరుగెత్తువారిది. ఇందువలన పరుగునకు కలుగు లోపమేమియు లేదు. పరుగెత్తువానికి ఒక బాట పోయిన మరియొక బాట దొరకును. ఒడ్డు చేజారినచో జాలరికి మరియొక పొలము లేదు. తీరము పల్లెవారికి దక్కినన్నాళ్ళు, ఆ ప్రక్కన పరుగెత్తువానికిని చోటు దక్కును.