పరీక్షలో రాని ప్రశ్న

పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు ఆమధ్య ఫోనులో వచ్చిన ఒక ఫొటో చూపించాడు. "ఇది నిజమేనా మామయ్యా?" అని అడగలేదు. "చూశావా మామయ్యా!" అన్నాడు.

తప్పు వాడిది కాదు. అచ్చులో ఉన్నది నిజమనీ, దాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పడమే చదువనీ పదేళ్ళుగా బడి వాడికి నేర్పింది. ఆ అచ్చు ఇప్పుడు ఫోనులోకి వచ్చింది, అంతే.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లకు మన తెలుగు జిల్లాల్లో అమాయకుల ప్రాణాలు పోయాయి. గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరా డప్పులతో, పాటలతో పోలీసుల చేత చెప్పించారు. మెచ్చుకోవలసిన పనే. కానీ పోలీసులు డప్పు కొట్టవలసి వచ్చిందంటే బడి ఏం చేస్తున్నట్టు? అదే ఏడాది కేరళలోని కన్నూరులో కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ సుమారు 150 ప్రభుత్వ పాఠశాలల్లో తప్పుడు వార్తలను పసిగట్టే పాఠాలు మొదలుపెట్టించారు. అంతకుముందు ఏడాది తట్టు, రుబెల్లా టీకాపై పుట్టిన వదంతులు చూసిన అనుభవం అది.

"సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉంది" అంటారు. కొత్త సబ్జెక్టు ఎవరడిగారు? తెలుగు పీరియడు చాలు. "పోలీసులు జనాన్ని కొట్టారు" అని ఒక పత్రిక రాస్తుంది, "లాఠీఛార్జి జరిగింది" అని ఇంకొకటి. రెండో వాక్యంలో కొట్టినవాడు ఏమయ్యాడు? కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చి రాస్తే మార్కులిచ్చే మనం ఆ ఒక్క ప్రశ్నా అడగం. (అన్నీ అబద్ధాలేనని కొట్టిపారేయడం నేర్పమనడం లేదు. అలా నేర్చినవాడు టీకానూ నమ్మడు. ఏది ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం కదా కావలసింది.)

అసలు భయం సిలబస్ గురించి కాదని నా అనుమానం. ప్రశ్న అలవాటైన పిల్లవాడు టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ర్యాంకులు అరిచే ప్రకటన చూసి, "మొత్తం ఎంతమంది రాశారు? మిగతావాళ్ళేమయ్యారు? ఒకటో ర్యాంకు ఇందరికెలా వచ్చింది?" అంటాడు. ఆ ప్రశ్నకు ఫీజు కట్టిన తల్లిదండ్రులూ సిద్ధంగా లేరు, కట్టించుకున్నవారూ లేరు.

ఆ ఫొటో ఎక్కడిదో వెతకరా అన్నాను. పావుగంటలో అది ఏనాటిదో పాత ఫొటో అని వాడే పట్టుకున్నాడు. ఆ సంబరంతో మర్నాడు క్లాసులో చెప్పబోతే, "ఇది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారట మాస్టారు.