గృహవిజ్ఞానము: రికార్డు ప్లేయరులో హోరు



కాచిగూడ పాత యిండ్లలో అటకపై మూటగట్టియుంచిన రికార్డు ప్లేయర్లు నేటికిని కలవు. 1974లో స్వర్గస్థులైన ఘంటసాలవారి భగవద్గీతను ఆ రికార్డుమీదనే వినవలెనని పెద్దలు కోరుట సహజము. తీరా మీట నొక్కగానే శ్లోకమునకు ముందు తుమ్మెద ఝంకారమువంటి హోరు వినవచ్చును. రికార్డు చెడినదని తలచి దానిని పాత సామానులలో వేయుట తొందరపాటు. గీట్లుపడిన రికార్డు చిటపటలాడును గాని యిట్లు ఎడతెగక హోరెత్తదు.

ఈ హోరు కరెంటుది. మన యిండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 మార్లు దిశ మారి మరల వచ్చుచుండును. ఆ కదలికయే స్పీకరులో వినబడును. చేతితో త్రిప్పి నడుపు వెనుకటి గ్రామఫోనునకు కరెంటు లేదు గనుక ఈ హోరును లేదు.

మొదట శబ్దపు మీటను పూర్తిగా తగ్గింపుడు. అప్పటికిని హోరు తగ్గనిచో, లోపల కరెంటును సరిచేయు కెపాసిటరు ఏండ్లు గడచి ఎండిపోయి యుండవచ్చును. ఇది మెకానిక్కు పని. ప్లగ్గు తీసిన పిదపను దానియందు కరెంటు కొంతసేపు నిలిచియుండును గాన మూత విప్పరాదు.

మీటతోపాటు హోరును తగ్గినచో, దోషము ముల్లునుండి వచ్చు సన్నని తీగెలయం దుండవచ్చును. ప్లగ్గు తీసి, వెలుపలి తీగె వదులైనదేమో, ఎర్త్ తీగె ఊడినదేమో చూడుడు. ప్లేయరును ఫ్రిజ్జునకు, ట్యూబులైటు చోకునకు దూరముగ జరుపుడు. ముల్లు రికార్డుపై నున్నప్పుడు మాత్రమే హోరు హెచ్చినచో, స్పీకరు అదురు ముల్లునకు తగులుచున్నదేమో యోచించి, స్పీకరును వేఱొక బల్లపై నుంచుడు.

ఒక్క సంగతి మరువకుడు. హోరు మాన్పుటకై కొందఱు ప్లగ్గులోని ఎర్త్ తీగెను కత్తిరింతురు. హోరు పోవచ్చును, దానితో రక్షణయు పోవును. లోపల ఏ తీగెయైన ఒరసికొన్ననాడు, లోహపు భాగమును తాకిన పసివానికి 230 వోల్టుల ఘాతము తగులును. ఎవరు చెప్పినను దీనికి సమ్మతింపకుడు.

కాచిగూడకు చేరువనే, కోఠీలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగములు దొరకును. కెపాసిటరు మార్పించునప్పుడు పాతదానిపై నున్న మైక్రోఫారడ్ సంఖ్యయే క్రొత్తదానిపై నుండవలెను. వోల్టుల సంఖ్య దానికి తక్కువ కారాదు. ఈ రెండును మెకానిక్కుచే చూపించుకొనుడు.

వెలుపలి పరీక్షలు మనము చేసి, మూతలోపలి పని తెలిసినవాని కప్పగించినచో పెద్దల కోరిక తీరును. ఇంటికి కీడును రాదు.