ఎండ మనది, కాలువ మనది... కరెంటు ఎవరిది?



సోలార్ అనే మాట వినపడితే చాలు, ప్రభుత్వాల దగ్గర డబ్బుకు కొదవ ఉండటం లేదు. 2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం సమీకృత క్లీన్ ఎనర్జీ విధానం ప్రకటించింది. 160 గిగావాట్ల విద్యుత్తు, 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు అని లెక్కలు చెప్పింది. కేంద్రం తన వంతుగా, ప్యానెళ్లు తయారుచేసే కంపెనీలకు ఉత్పత్తి ప్రోత్సాహకాల పేరుతో 24,000 కోట్లు కేటాయించింది.

మనం సోలార్‌కు వ్యతిరేకం కాదు. బొగ్గు తగ్గితే సంతోషించే మొదటివాళ్లం మనమే. వానలు అదను తప్పితే, తుపాను వస్తే మునిగేది మన చేలే కదా. మన ప్రశ్న ఒక్కటే. ప్రజల సొమ్ముతో పెరుగుతున్న ఈ కరెంటుకు యజమాని ఎవరు?

ఇప్పటిదాకా జరిగింది చూద్దాం. కర్నూలు జిల్లా గని–శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. దానికి సుమారు 5,900 ఎకరాలు పట్టింది. ఉలవపాడు మండలం కరేడులో ప్యానెళ్ల ఫ్యాక్టరీ కోసం ఎనిమిది వేల పైచిలుకు ఎకరాలు తీసుకోవాలని 2025లో ప్రభుత్వం తలపెట్టింది. ఏడాదికి రెండు మూడు పంటలు పండే భూములు ఇవ్వం పొమ్మని ఆ ఊరి రైతులు, మత్స్యకారులు జూన్ నెలలో జాతీయ రహదారి మీద బైఠాయించారు. అక్కడా ఇక్కడా కంపెనీకి రాయితీ, భూమి, రోడ్డు, లైను అన్నీ అమరుతున్నాయి. రైతుకు దక్కేది నష్టపరిహారం, లేకపోతే కౌలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం.

మన మోటార్ల పేరు చెప్పి చేసిన ఒప్పందం ఇంకొకటి ఉంది. వ్యవసాయ ఉచిత విద్యుత్ కోసమంటూ 2021 డిసెంబరులో సెకీతో 7,000 మెగావాట్లకు సంతకాలు చేశారు. యూనిట్ రూ.2.49, గడువు 25 ఏళ్లు, కరెంటు వచ్చేది రాజస్థాన్ నుంచి. పూర్తిగా అమలైతే ఏటా 1,700 కోట్ల యూనిట్లు. అంటే ఏడాదికి నాలుగు వేల కోట్ల పైమాటే. ఆ ఒప్పందం మీద వచ్చిన ఆరోపణల సంగతి కోర్టులు చూసుకుంటాయి. మేం అడిగేది వేరు. రాజస్థాన్‌లో కాసే ఎండ గోదావరి జిల్లాల్లో కాయడం లేదా? ఆ నాలుగు వేల కోట్లలో కొంతైనా మన సొసైటీల ఖాతాల్లో పడే దారి ఎందుకు వెతకలేదు?

కుసుమ్ ఉంది కదా అంటారు

2019లో కేంద్రం పీఎం కుసుమ్ పథకం తెచ్చింది. కాగితం మీద చూస్తే రైతు కోసమే. లైను లేనిచోట సోలార్ పంపు పెట్టుకుంటే కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తాయి. మిగతా 40 శాతం రైతు భరించాలి. కేంద్ర సాయం 7.5 హార్స్‌పవర్ వరకే లెక్క కడతారు. మెట్ట ప్రాంతంలో చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు బోర్లు ఎంత లోతుకు పోయాయో, ఎన్ని హార్స్‌పవర్ల మోటార్లు దించాల్సి వస్తోందో ఢిల్లీలో ఎవరు చూశారు?

పైగా పాసు పుస్తకం, సర్వీసు నంబరు ఎవరి పేరున ఉంటే పథకం వాళ్లదే. మన జిల్లాల్లో చేలో దిగి దుక్కి దున్నేది ఎక్కువగా కౌలు రైతే. సోలార్ సబ్సిడీ అతని గడప తొక్కదు. అదే భూమిని యజమాని సోలార్‌కు లీజుకిస్తే ముందు వీధిన పడేది కూడా అతనే.

అదే పథకంలో మొదటి భాగం ఉంది. దాని గురించి ఎవరూ మన ఊళ్లకు వచ్చి చెప్పరు. అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్లను రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు, నీటి సంఘాలు పెట్టుకోవచ్చు. ఆ కరెంటును డిస్కం కొనాలి. కొన్నందుకు డిస్కంకు కేంద్రం యూనిట్‌కు 40 పైసల చొప్పున ఐదేళ్లు ప్రోత్సాహకం ఇస్తుంది. ప్లాంటు పెట్టే సంఘానికి మాత్రం పెట్టుబడి సాయం లేదు. మెగావాట్‌కు సుమారు నాలుగు కోట్లు అవుతుంది. ఏ సొసైటీ దగ్గర అంత సొమ్ముంది? పెట్టలేకపోతే భూమిని డెవలపర్‌కు లీజుకివ్వండి అంటుంది పథకం. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. భూమి మనది, వ్యాపారం వాళ్లది.

డెల్టాకు పందిరి కాలువే

డెల్టాలో ఎకరం కూడా ప్యానెళ్లకు ఇవ్వక్కర్లేదు. ధవళేశ్వరం కింద పది లక్షల ఎకరాల ఆయకట్టు సార్వా, దాళ్వా పండుతోంది. ఆ నేలను ఇనుప స్తంభాలకు ఇవ్వడం పాపం. కానీ కాటన్ దొర కాలం నుంచి తవ్విన కాలువలు, వాటి గట్లు, డ్రెయిన్ల గట్లు ఉన్నాయి. సొసైటీ గోదాములు, మార్కెట్ యార్డుల రేకుల కప్పులు ఉన్నాయి.

ఇది మేం ఊహించి చెప్పే మాట కాదు. గుజరాత్‌లో 2012లోనే నర్మద కాలువ మీద ఒక మెగావాట్ ప్లాంటు పెట్టారు. కాలువల మీద 50, గట్ల మీద 50 మెగావాట్లు పెట్టాలని 2014 డిసెంబరులో కేంద్రం పథకం తెచ్చి, కాలువ మీదైతే మెగావాట్‌కు మూడు కోట్ల దాకా సాయం ప్రకటించింది. మన దగ్గరే భీమవరం మండలం గొల్లవానితిప్పలో లోసరి కాలువ మీద ఏపీ జెన్‌కో ఒక మెగావాట్ ప్లాంటు పెట్టింది. ఒక్క సెంటు పొలం పోలేదు. దారి తెలిసింది, అనుభవం వచ్చింది. మరి నరసాపురం కాలువ, ఉండి కాలువ, కాకినాడ కాలువ, అమలాపురం కాలువ మీదికి ఆ పందిరి ఎందుకు పాకలేదు?

ఖర్చెక్కువ అంటారు. నేల మీద కంటే ఇనుము ఎక్కువ పడుతుంది, నిజమే. ఆ లెక్కలో పోకుండా మిగిలిన పొలం ధర కూడా వేయండి. పూడిక తీతకు అడ్డమంటారు. ఇదీ నిజమే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పొక్లెయిన్ దిగాలి, గుర్రపుడెక్క తీయాలి. అందుకే మధ్యమధ్య ఖాళీలు వదిలి, ఒక గట్టున దారి ఉంచి కట్టాలి. ఎక్కడ వదలాలో లస్కరును, నీటి సంఘాన్ని అడిగితే చెబుతారు. 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలు జరిపింది గట్టు మీద ఫొటోలు దిగడానికి కాదు కదా!

మెగావాట్ ప్లాంటు ఏడాదికి 15, 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిట్ మూడు రూపాయలే అనుకున్నా 45 లక్షలకు పైనే. బ్యాంకు వాయిదాలు పోను మిగిలింది నీటి సంఘానికి వస్తే పిల్ల కాలువల మరమ్మతులకు ఎమ్మెల్యే చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. గుజరాత్ ఖేడా జిల్లా ధుండిలో 2016 నాటికే ఆరుగురు రైతులు సహకార సంఘం పెట్టుకొని, సోలార్ పంపులు వాడుకోగా మిగిలిన కరెంటును డిస్కంకు అమ్మారు. ఆరుగురు చేసిన పని ఆరు వేల మంది సభ్యులున్న సొసైటీ చేయలేదా?

ఆక్వా రైతుల సంగతి కూడా చెప్పుకోవాలి. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి పూట, తెల్లవారుజామున. ఏరియేటర్లు తిరగాల్సింది అప్పుడే. ఎండ కాసేది పగలు. కాబట్టి ఉత్త ప్యానెళ్లు అంటగడితే చాలదు. పగలు లైనుకిచ్చిన యూనిట్లను రాత్రి వాడుకునేలా జమ కట్టే పద్ధతి ఉండాలి.

మీటరు జాగ్రత్త!

చివరగా ఒక హెచ్చరిక. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులకు ఎదురు నిలిచిన పోరాటం వల్లే 2004లో ఉచిత విద్యుత్ వచ్చింది. 2020లో శ్రీకాకుళం జిల్లాతో మొదలుపెట్టి మోటార్లకు మీటర్లు బిగించడాన్ని మనం వ్యతిరేకించాం. రేపు సోలార్ పేరుతో అదే మీటరు దొడ్డిదారిన రావచ్చు. ఫీడర్ మొత్తాన్ని సోలార్ చేస్తే మోటారు మోటారుకూ మీటరు అక్కర్లేదు. ఏ కాగితం మీదా సంఘానికి చూపకుండా సంతకం పెట్టవద్దు.

మన డిమాండ్లు:

1. మూడు పంటల భూములను, డెల్టా ఆయకట్టును సోలార్ కోసం సేకరించకూడదు.
2. కాలువలు, గట్ల మీది ప్లాంట్ల హక్కు ముందుగా నీటి సంఘాలకు, సొసైటీలకు, పంచాయతీలకు ఇవ్వాలి. కంపెనీలకు ఇచ్చే ప్రోత్సాహకాల్లో వాటా తీసి వీటికి పెట్టుబడి సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలి.
3. కౌలు గుర్తింపు కార్డు ఉన్న రైతుకు సోలార్ పథకాల్లో వాటా ఉండాలి. సోలార్ లీజు వల్ల సాగు కోల్పోయే కౌలుదారుకు పరిహారం ఇవ్వాలి.
4. మెట్టలో బోరు లోతును బట్టి హార్స్‌పవర్ పరిమితి సడలించాలి.
5. వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టకుండా ఫీడర్లను సోలార్ చేయాలి. ఉచిత విద్యుత్ కొనసాగించాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలోనే నీటి సంఘాన్ని, సొసైటీని కూర్చోబెట్టి తీర్మానం చేయాలి. మీ ఊరి కాలువ ఎంత పొడవుంది, గట్టు ఎంత వెడల్పుంది, గోదాము కప్పు ఎన్ని చదరపు అడుగులుంది రాసి పంపండి. ఆ లెక్కలతోనే కలెక్టరేట్ల ముందుకు వెళదాం. మనం అడగకపోతే మన కాలువ మీద కూడా కంపెనీ బోర్డే లేస్తుంది.